వరండాలో ఆకుపచ్చ బల్బు

(హైదరాబాద్‌లో ఒక చిన్న సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడిన తీరు అలాగే ఉంచాం. మధ్యలో కరెంటు పోయిన కాసేపూ, మైకు సరిచేసుకున్న కాసేపూ మాత్రం తీసేశాం.)

నమస్తే అండీ అందరికీ. వెనక వరసలో వినబడుతోందా? ఫ్యాన్ చప్పుడు ఎక్కువగా ఉంది, వినబడకపోతే చెయ్యెత్తండి, గట్టిగా మాట్లాడతాను. నాకు స్టేజీ అలవాటు లేదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని, తప్పులు వెతకడమే నా ఉద్యోగం, ఇక్కడ కూడా అదే పని చేస్తే ఏమీ అనుకోకండి. నన్ను పిలిచినవాళ్ళు ఫోన్లో ఏమన్నారంటే, బోస్టన్‌లో నల్లజాతి లెస్బియన్లూ తెల్లజాతి లెస్బియన్లూ ఎలా దగ్గరయ్యారో చెప్పండి అన్నారు. దగ్గరయ్యారు, కథ కంచికి వెళ్ళింది అని చెప్పమంటే నా వల్ల కాదండీ, దగ్గరవ్వడానికి ఏమేం చేశారు, ఎక్కడ కుదిరింది, ఎక్కడ చెడింది అంటే చెప్తాను అన్నాను. సరే రండి అన్నారు.

మొదలుపెట్టే ముందు ఒక మాట సంగతి. తెలుగులో 'జాతి' అంటే మనకి అన్నీ అదే. తెలుగు జాతి అంటాం, మగజాతి అంటాం, జాతీయ జెండా అంటాం, తిట్టాలంటే 'మీ జాతే అంత' అని కులాన్ని కూడా ఆ మాటతోనే తిడతాం. నేను ఈ పూట జాతి అన్నప్పుడల్లా అమెరికాలో చర్మం రంగు మీద కట్టిన గోడ అని అర్థం చేసుకోండి. బానిసత్వం పోయి వందేళ్ళు దాటాక కూడా ఆ గోడ ఎక్కడ పగలాలో అక్కడ పగల్లేదు. మామూలు మనుషుల మధ్యే కాదు, ఇంట్లోంచి గెంటేస్తే బయటికొచ్చిన ఆడపిల్లల మధ్య కూడా అది నిలబడే ఉంది. మనందరం ఒకే బాధలో ఉన్నాం కదా, ఇంక మన మధ్య తేడాలేంటి అని అనిపిస్తుంది చూడండి, సరిగ్గా అక్కడే తేడా మొదలవుతుంది.

నేను మొదట అక్కడికి వెళ్ళినప్పుడు బోస్టన్ పక్కన పారే చార్లెస్ నదికి ఇవతల, బోస్టన్‌కి ఎదురుగా ఉన్న కేంబ్రిడ్జ్‌లో, సెంట్రల్ స్క్వేర్ దగ్గర అద్దెకున్నాను. రెండు వీధులవతల ప్లెజంట్ స్ట్రీట్‌లో 46వ నంబరు ఇల్లు. చూడ్డానికి పక్కిళ్ళలాగే ఉంటుంది, బోర్డు చూస్తే గానీ విమెన్స్ సెంటర్ అని తెలీదు. రోజూ దాని ముందు నుంచే నడిచేదాన్ని. లోపలికి వెళ్ళడానికి మాత్రం నాకు నాలుగు నెలలు పట్టింది, ఎందుకో ఇక్కడున్న చాలామందికి విడమరచి చెప్పక్కర్లేదు. (నవ్వులు)

ఆ ఇంటికి ఒక కథ ఉంది. 1971 మార్చి 6న మహిళా దినోత్సవం పేరుతో ఊరేగింపుగా వెళ్తున్న ఆడవాళ్ళు మధ్యలో దారి మళ్ళి, మెమోరియల్ డ్రైవ్‌లో హార్వర్డ్ యూనివర్సిటీకి చెందిన 888వ నంబరు బిల్డింగులోకి వెళ్ళి కూర్చున్నారు. పది రోజులు కదల్లేదు. వాళ్ళు అడిగినవాటిలో రెండు ముఖ్యం. ఒకటి ఆడవాళ్ళకంటూ ఒక సెంటర్. రెండోది, ఆ చుట్టుపక్కల రివర్‌సైడ్ అనే పేటలో ఉండే, ఎక్కువమంది నల్లజాతివాళ్ళయిన పేద కుటుంబాలకి తక్కువ అద్దె ఇళ్ళు. ఆ ఇళ్ళ కోసం అప్పటికే సాండ్రా గ్రహమ్ అనే నల్లజాతి నాయకురాలు పోరాడుతున్నారు, అంతకు ముందు ఏడాది హార్వర్డ్ స్నాతకోత్సవంలో స్టేజీ ఎక్కి మరీ అడిగారు. బిల్డింగులో కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళు, లెస్బియన్లు చాలామంది. ఒక దాత ఇచ్చిన 5,000 డాలర్లు చేతిలో పడ్డాక ప్లెజంట్ స్ట్రీట్‌లో ఇల్లు కొనగలిగారు, 1972లో తెరిచారు, ఇప్పటికీ నడుస్తోంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మొదటి రోజే పొరుగింటి నల్లజాతివాళ్ళ డిమాండ్‌ని తమ డిమాండ్ పక్కన పెట్టుకున్నవాళ్ళు వీళ్ళు, చెడ్డవాళ్ళు కారు. అయినా ఇల్లు తెరిచాక అందులోకి వచ్చింది మళ్ళీ ఎక్కువగా తెల్లవాళ్ళే. మంచి మనసు ఉంటే గోడ దానంతటదే పడిపోదు.

ఇంక ఊరి సంగతి. బోస్టన్ అంటే మనకేముంది, పిల్లలు ఎమ్మెస్‌కి వెళ్ళే ఊరు, మంచులో నిలబడి ఫోటో దిగి అమ్మకి వాట్సాప్ చేసే ఊరు. 1974లో ఆ ఊరు ఎలా ఉండేదో తెలుసా? జూన్ 21న ఆర్థర్ గారిటీ అనే జడ్జి, మీ బడులు కావాలనే రంగు ప్రకారం విడగొట్టి నడుపుతున్నారు, పిల్లల్ని బస్సుల్లో అటూ ఇటూ పంపి కలపండి అని తీర్పిచ్చాడు. సెప్టెంబర్ 12న బడులు తెరిచిన రోజు తెల్లవాళ్ళ పేట సౌత్ బోస్టన్‌లో నల్లపిల్లలున్న స్కూలు బస్సుల మీద రాళ్ళేశారు. బడిపిల్లలున్న బస్సుల మీద అండీ. రెండేళ్ళ తర్వాత, 1976 ఏప్రిల్‌లో, సిటీ హాల్ ముందు ఒక నల్లజాతి లాయర్ని అమెరికా జెండా కర్రతో పొడవబోతున్న ఫోటో ప్రపంచమంతా తిరిగింది. అలాంటి ఊళ్ళో నువ్వు నల్లవాళ్ళ పేట రాక్స్‌బరీలో ఉండే నల్లజాతి అమ్మాయివి అనుకో, లెస్బియన్‌వి, సాయంత్రం మీటింగుకి నది దాటి కేంబ్రిడ్జ్ రావాలి. దూరం చూస్తే మూడు నాలుగు మైళ్ళు, హైదరాబాద్ లెక్కలో అది దూరమే కాదు. కానీ ఏ వీధిలో దిగొచ్చు, ఏ వీధిలో దిగకూడదు, చీకటి పడ్డాక ఎలా తిరిగి వెళ్ళాలి, ఇవన్నీ లెక్కేసుకోవాలి. వచ్చాక తెల్లామె "మీవాళ్ళు ఎందుకండీ మీటింగులకి రారు?" అని అడుగుతుంది. చాలా ప్రేమగానే అడుగుతుంది.

బార్ల సంగతి ఇంకోటి. ఆ కాలంలో అమెరికా నగరాల్లో చాలా చోట్ల గే బార్ల దగ్గరా, లెస్బియన్ బార్ల దగ్గరా గుమ్మంలో ఒక తంతు ఉండేది, తెల్లమ్మాయి వస్తే నవ్వి లోపలికి పంపేవాళ్ళు, నల్లమ్మాయి వస్తే ఐడీ చూపించు అనేవాళ్ళు, చూపిస్తే ఇంకోటి చూపించు అనేవాళ్ళు, రెండో ఐడీ కూడా ఉంటే మూడోది. బోర్డు ఎక్కడా పెట్టరు. వెనక నిలబడ్డ తెల్ల స్నేహితురాలికి ఇదంతా కనబడదు, కనబడినా ఏదో కొత్త రూలేమో అనుకుంటుంది.

ఈ ఊళ్ళోనే 1974లో రాక్స్‌బరీలో ఒక ఇంటి హాల్లో కొంతమంది నల్లజాతి స్త్రీలు కలుసుకోవడం మొదలుపెట్టారు. బార్బరా స్మిత్, ఆవిడ కవల చెల్లెలు బెవర్లీ స్మిత్, చికాగో నుంచి వచ్చిన డెమిటా ఫ్రేజియర్ అందులో ముఖ్యులు. మొదట న్యూయార్క్‌లో పుట్టిన ఒక జాతీయ సంస్థకి బోస్టన్ శాఖగా ఉండి, ఏడాది తిరగ్గానే విడిపోయి కాంబహీ రివర్ కలెక్టివ్ అని పేరు పెట్టుకున్నారు. కాంబహీ అంటే సౌత్ కరోలినాలో ఒక నది. 1863 జూన్ 2న, తనే బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన హ్యారియెట్ టబ్మన్ అక్కడ సైనిక దాడికి ముందుండి నడిపి 750 మందికి పైగా బానిసల్ని విడిపించింది. నాకు ఆ పేరు ఎందుకిష్టమంటే, మనిషి పేరు కాకుండా చేసిన పని పేరు పెట్టుకున్నారు. వీళ్ళలో ఎక్కువమంది లెస్బియన్లు. వారం వారం కలుసుకునేది ఎక్కడనుకున్నారు? ఆ ప్లెజంట్ స్ట్రీట్ ఇంట్లోనే. తెల్లవాళ్ళు పోరాడి తెచ్చుకున్న ఇంట్లో ఒక గది, ఆ గదిలో తమకి తాముగా కూర్చున్న నల్లజాతి స్త్రీలు. అదే ఇల్లు, అదే మెట్లు, అదే కాఫీ కెటిల్.

1977 ఏప్రిల్‌లో వాళ్ళు రాసిన ప్రకటన ఇప్పుడు యూనివర్సిటీల్లో పాఠం. అందులో రెండు విషయాలు మన సబ్జెక్టుకి కావాలి. ఒకటి, అప్పట్లో కొందరు తెల్ల లెస్బియన్లు మగవాళ్ళతో ఏ సంబంధం లేకుండా విడిగా బతకాలి అనేవాళ్ళు, కొన్ని చోట్ల మగపిల్లల్ని కూడా వెంట తేవద్దనేంత దూరం వెళ్ళింది అది. కాంబహీవాళ్ళు అది మాకు కుదరదు అన్నారు. ఎందుకంటే పోలీసులు పట్టుకెళ్ళేది వాళ్ళ అన్నదమ్ముల్ని, బస్సు మీద రాళ్ళు పడేది వాళ్ళ మేనల్లుళ్ళ మీద. ఇంట్లో ఆ మగాళ్ళతో గొడవ ఉంది, చాలా ఉంది, కానీ బయట జాతివివక్ష మీద పోరాడాలంటే వాళ్ళతో కలిసే పోరాడాలి. తెల్లామెకి అన్నని వదులుకుంటే పోయేది అన్న ఒక్కడే. నల్లామెకి పేట మొత్తం పోతుంది. ఈ ఒక్క తేడా అర్థం కాకే ఎన్నో స్నేహాలు చెడ్డాయి.

రెండోది, తెల్ల స్త్రీల ఉద్యమంలో ఉన్న జాతివివక్షని తీసెయ్యాల్సిన పని తెల్ల స్త్రీలదే, మేము మాత్రం అడగడం మానం, జవాబు చెప్పమని నిలదీస్తూనే ఉంటాం అన్న అర్థంలో రాశారు. ఎవరి గుమ్మం ముందు కసువు వాళ్ళే ఊడ్చుకోండి అని. వినడానికి కఠినంగా ఉంది కదా? నన్నడిగితే ఆ ఊళ్ళో ఏదైనా కలిసిందీ అంటే ఈ కఠినమైన మాట వల్లే కలిసింది.

ఎలాగో చెప్తాను. స్త్రీవాదంలో అప్పటికే ఒక పద్ధతి ఉండేది, ఐదారుగురో పదిమందో ఒకరింట్లో గుండ్రంగా కూర్చుని, వంతులవారీగా, మధ్యలో అడ్డం రాకుండా, తమ జీవితంలో జరిగింది చెప్పుకోవడం. భర్త కొట్టాడని ఒకామె చెప్తే మా ఆయనా అంతే అని ఇంకో నలుగురు చెప్తారు, అప్పుడు అది నా తలరాత కాదు, బయట ఏదో వ్యవస్థ ఉంది అని తెలుస్తుంది. ఈ పద్ధతిని తీసుకుని కొందరు తెల్ల స్త్రీలు తమ మీదే వాడుకున్నారు. తెల్లవాళ్ళు మాత్రమే కూర్చుని, తమలో ఉన్న జాతివివక్ష గురించి మాట్లాడుకోవడానికి. టియా క్రాస్, ఫ్రీడా క్లయిన్ అనే ఇద్దరు తెల్ల స్త్రీలు, స్మిత్ అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి దీనికి ఒక ప్రశ్నల వరస రాశారు, 80ల మొదట్లోనే అచ్చయింది. ఇద్దరు తెల్లవాళ్ళు, ఇద్దరు నల్లవాళ్ళు కలిసి రాసిన కాగితం, వాడాల్సింది మాత్రం తెల్లవాళ్ళు తమలో తాము.

ఎందుకు తెల్లవాళ్ళే అంటే, కలిపి కూర్చోబెడితే ఏమవుతుందో అందరూ చూసేశారు. తెల్లామె తన చిన్నప్పటి సంగతి ఏదో చెప్పి ఏడుస్తుంది, పక్కన కూర్చున్న నల్లామె ఓదార్చాల్సి వస్తుంది, టిష్యూ పేపర్ ఇవ్వాల్సి వస్తుంది, నువ్వు మంచిదానివేలే అని చెప్పాల్సి వస్తుంది, మీటింగ్ అయిపోతుంది. తెల్లామె తేలికపడి ఇంటికెళ్తుంది, నల్లామె తలనొప్పితో వెళ్తుంది.

ఆ ప్రశ్నలు పెద్ద సిద్ధాంతాలేం కావు. మనుషుల్లో రంగు తేడా ఒకటి ఉందని నీకు మొదటిసారి ఎప్పుడు తెలిసింది, అప్పుడు నీ వయసెంత, ఏం జరిగింది? అక్కడ మొదలు. అక్కడి నుంచి పెరిగే వయసు సంగతులు, అక్కడి నుంచి ఉద్యమంలోకి వచ్చాక చూసినవి. అంతే.

ఇది నేను ఒక చలికాలం చదివాను. అప్పటికి మేము ఐదుగురం ఇండియన్ అమ్మాయిలం, శనివారాలు మా అపార్ట్‌మెంట్‌లో చేరి పప్పూ అన్నం తిని, తెల్లవాళ్ళ గ్రూపుల్లో మనకి జరిగే అవమానాల గురించి చెప్పుకునేవాళ్ళం. అందులో బోలెడు సుఖం ఉంటుంది, ఒప్పుకోవాలి. (నవ్వులు) మనం కూడా ఈ ప్రశ్నలు చేద్దాం అన్నాను. మొదటి ప్రశ్నకి అందరం ఫెయిర్‌నెస్ క్రీములూ, 'పిల్ల చామనఛాయ అయినా కళగా ఉంటుంది' అనే పెళ్ళిచూపుల మాటలూ చెప్పాం. మేమే బాధితులం, బాగుంది. ఒకమ్మాయి మాత్రం ఏమీ మాట్లాడలేదు, ప్లేటులో చెయ్యి ఆరిపోతున్నా అలాగే కూర్చుంది. తర్వాత, రంగు తీసేసి ఆ చోట కులం పెట్టి అడుగు అంది.

నాకు చప్పున గుర్తొచ్చింది చూరులో దోపిన గ్లాసు. తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ పెంకుటిల్లు, పెరటి వైపు చూరులో ఒక సత్తు గ్లాసు దోపి ఉండేది. పొలం పనికొచ్చే ఆయన మధ్యాహ్నం వచ్చి దాన్ని తనే తీసుకుని పట్టుకుంటే అమ్మమ్మ పైనుంచి మజ్జిగ పోసేది, తాగి తనే కడిగి మళ్ళీ అక్కడే దోపేవాడు. నాకు ఆరేడేళ్ళు. ఒక రోజు ఆడుకుంటూ ఆ గ్లాసు తీస్తే మా అమ్మమ్మ, నన్ను ఎప్పుడూ కసురుకోని మనిషి, చేతి మీద కొట్టింది. ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆ దెబ్బతోనే నాకు తెలియాల్సింది తెలిసిపోయింది. ఇది చెప్పాక ఆ అమ్మాయి, "మీ ఇంటికొచ్చి మూడేళ్ళయింది, నాది ఏ కులమో మీరెవరూ అడగలేదు, అడగక్కర్లేకుండానే మీలో ఒకదాన్ని అనుకున్నారు, నేను అనుకోనిచ్చాను" అంది. ఆ రాత్రి తర్వాత తను రెండు నెలలు రాలేదు. మళ్ళీ వచ్చింది. ఆ రెండు నెలలూ నేను ఫోన్ చేసి బతిమాలలేదు, అది కూడా ఆ కాగితం చదివిన గుణమే. అంతకుముందైతే రోజూ ఫోన్ చేసి, నన్ను క్షమించావా లేదా అని తినేసేదాన్ని.

సరే, 1979కి వస్తాను. ఇది కష్టమైన భాగం. జనవరి 29న రాక్స్‌బరీలో ఇద్దరు నల్లజాతి అమ్మాయిల శవాలు చెత్త సంచుల్లో దొరికాయి. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. మే నెలాఖరుకి పన్నెండు మంది. రాక్స్‌బరీ, డోర్చెస్టర్, సౌత్ ఎండ్, అన్నీ దగ్గర దగ్గర పేటలే. పేపర్లలో మొదట్లో లోపలి పేజీల్లో చిన్న ముక్క. పోలీసులు చెప్పింది మనకి కొత్తేం కాదు, ఒంటరిగా తిరగకండి, ఇంట్లో ఉండండి. చనిపోయినవాళ్ళ నడవడి గురించి గుసగుసలు, అదీ కొత్త కాదు.

ఏప్రిల్ 1న పెద్ద ఊరేగింపు జరిగింది, సుమారు 1,500 మంది. అక్కడ మాట్లాడినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. ఇది జాతి మీద దాడి, మన ఆడవాళ్ళని మనం కాపాడుకోవాలి అన్నారు. బార్బరా స్మిత్ ఆ గుంపులో నిలబడి వింటున్నారు. చచ్చిపోయినవాళ్ళందరూ ఆడవాళ్ళే, ఆ మాట మాత్రం ఎవరి నోటా సరిగ్గా రాదు. కాపాడే మగాడు లేని ఆడదాని సంగతేంటి? లెస్బియన్ సంగతేంటి? ఇంట్లో ఉండమంటున్నారు, ఇంట్లో ఉన్నవాడే కొట్టేవాడైతే? ఆ కోపంతో ఇంటికెళ్ళి ఆవిడ ఒక కరపత్రం రాయడం మొదలుపెట్టారు. 'ఆరుగురు నల్లజాతి స్త్రీలు: వాళ్ళెందుకు చనిపోయారు?' అన్నది దాని పేరు. ఇది జాతి మీద హింసే, ఆడవాళ్ళ మీద హింస కూడా, రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే కుదరదు అని అందులో సూటిగా ఉంది. దాంతోపాటు, దారిలో ఎవరైనా వెంటపడితే ఏం చెయ్యాలి, తలుపులకి ఏం చేసుకోవాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇవన్నీ. స్పానిష్‌లో కూడా వేశారు, ఎందుకంటే ఆ పేటల్లో ప్యూర్టోరికన్ కుటుంబాలు ఉన్నాయి. అచ్చుకి వెళ్ళేలోపే అంకె మారిపోయేది, మళ్ళీ అచ్చేస్తే మళ్ళీ మారేది. వేల కాపీలు పంచారు. (తర్వాత కేసుల్లో పట్టుబడింది ఒక్కడు కాదు, ఎవరెవరో వేర్వేరు మగవాళ్ళు. ఒక పిచ్చివాడు తిరుగుతున్నాడు అనుకున్నవాళ్ళకి అది అర్థం కాలేదు, కరపత్రం చదివినవాళ్ళకి అయింది.)

ఆ కరపత్రం తెల్ల లెస్బియన్ల చేతికి కూడా వచ్చింది. ఇంతకాలం 'మేము మీకేం చెయ్యగలం' అని అడుగుతున్నవాళ్ళకి ఇప్పుడు పని కనిపించింది, పైగా ఆ పని ఎవరు చెప్తే చెయ్యాలో కూడా తేలిపోయింది. స్త్రీల భద్రత కోసం పేటల వారీగా ఉన్న గుంపులన్నీ ఒక కూటమిగా చేరాయి. నాయకత్వం నల్లజాతి స్త్రీలది. తెల్లజాతి స్త్రీవాదులు, అందులో లెస్బియన్లు చాలామంది, దాని పక్కన మద్దతు గుంపుగా నిలబడ్డారు. మద్దతు అంటే డబ్బు పోగుచెయ్యడం, కరపత్రాలు మడతపెట్టి పంచడం, మీటింగులప్పుడు పిల్లల్ని చూసుకోవడం, తమ పేటల్లో తమవాళ్ళతో మాట్లాడటం. మైకు దగ్గరికి రారు, అది ఒప్పందం. ఉద్యమాలు పుట్టినప్పటి నుంచీ ఆడవాళ్ళే చేసిన పనులే ఇవన్నీ, మగవాళ్ళ మీటింగులకి టీ పెట్టీ పెట్టీ విసిగిపోయే కదా వీళ్ళు విడిగా వచ్చేశారు, ఇప్పుడు మళ్ళీ అదే పని. ఈసారి టీ ఎవరికి పెడుతున్నారో చూడండి, తేడా అక్కడుంది. ఎప్పుడూ మాట్లాడటానికి అలవాటుపడ్డవాళ్ళు ఊరుకుని పిల్లల్ని ఆడించడం చిన్న విషయమేం కాదు.

డోర్చెస్టర్‌లో ఇంకో పని జరిగింది, నాకు మొత్తం కథలో ఇదే ఇష్టం. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ పక్కపక్కనే ఉండే పేట అది, పక్కనే ఉన్నంత మాత్రాన పలకరించుకునేవాళ్ళని కాదు. గ్రీన్‌లైట్ అని ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఒప్పుకున్న ఇంటివాళ్ళు ముందు ట్రైనింగుకి రావాలి, వస్తే ఒక ఆకుపచ్చ బల్బు. రాత్రిపూట వరండాలో ఆ బల్బు వెలుగుతోందంటే, దారిలో భయపడిన ఏ ఆడమనిషైనా ఆ తలుపు కొట్టొచ్చు అని గుర్తు. తలుపు తీస్తారు. నువ్వెవరు, నీ రంగేంటి, ఎవరితో పడుకుంటావు, ఈ టైములో రోడ్డు మీద ఏం చేస్తున్నావు, ఏదీ అడగరు. ఆలోచించండి, స్కూలు బస్సుల మీద రాళ్ళేసిన ఐదేళ్ళకి, అదే ఊళ్ళో, అర్ధరాత్రి తెలియని మనిషికి తలుపు తియ్యడానికి ఒప్పుకోవడం. జాతివివక్ష పోవాలి అని చెప్పే సంతకాల కాగితం మీద ఎవరైనా సంతకం పెడతారు, ఈ బల్బు పెట్టుకోవడం అలాంటిది కాదు, తలుపు చప్పుడైతే లేచి వెళ్ళాలి.

ఇంత చెప్పాక మీరు, అయితే దగ్గరయ్యారన్నమాట అనుకుంటే, ఆగండి.

వంతెన, వారధి అని మనం తేలిగ్గా అనేస్తాం. ఉపన్యాసాల్లో బాగుంటుంది. వంతెన అంటే ఏంటండీ? మీద తొక్కుకుంటూ వెళ్ళేది. కేంబ్రిడ్జ్‌లో స్త్రీల పుస్తకాల షాపు న్యూ వర్డ్స్ అని ఉండేది, 1974లో పక్క ఊరు సోమర్‌విల్‌లో పెట్టి తర్వాత కేంబ్రిడ్జ్‌కి మార్చారు, అందులో చాలా ఏళ్ళు పనిచేసిన కేట్ రషిన్ అనే నల్లజాతి కవయిత్రి, అందరికీ అందరినీ అర్థమయ్యేలా చెప్పీ చెప్పీ తను అలసిపోయానని, ఇంక ఎవరికీ వంతెనగా ఉండనని ఒక కవిత రాసింది, ఆ కవిత చదవని నల్లజాతి లెస్బియన్ ఉండదేమో. కాంబహీ వాళ్ళకీ అదే అలసట. పగలు ఉద్యోగం, సాయంత్రం మీటింగు, ఆ మీటింగులో మళ్ళీ పాఠం చెప్పడం. అందుకే 1977 నుంచి 80 వరకు వాళ్ళు ఊరి బయట విడిది సమావేశాలు పెట్టుకున్నారు, నల్లజాతి స్త్రీవాదులకి మాత్రమే, న్యూయార్క్ నుంచి నల్లజాతి లెస్బియన్ కవయిత్రి ఆడ్రీ లార్డ్ వచ్చేవారు. అక్కడ ఎవరికీ ఏమీ విడమరచి చెప్పక్కర్లేదు. ఇది చూసి నొచ్చుకున్న తెల్ల స్నేహితురాళ్ళు ఉన్నారు. కలవాలంటూనే విడిగా వెళ్తారేంటి అని. ఊపిరి పీల్చుకోవడానికి, ఇంకెందుకు!

ఇంకో దెబ్బ. బోస్టన్ పక్కనే వాటర్‌టౌన్‌లో తెల్ల లెస్బియన్లు నడిపిన పర్సెఫనీ ప్రెస్ 1981లో రంగుజాతుల, అంటే తెల్లవాళ్ళు కాని, స్త్రీల రచనల సంకలనం ఒకటి వేసింది, అది గొప్ప పని, కాదనను. కానీ 1983లో ప్రెస్ మూతపడింది, పుస్తకం గాల్లో వేలాడింది. దాన్ని మళ్ళీ నిలబెట్టింది, ఆడ్రీ లార్డ్ అడిగితే బార్బరా స్మిత్ తదితరులు 1980లో మొదలుపెట్టిన కిచెన్ టేబుల్ అనే ప్రెస్. వంటింటి బల్ల అన్నమాట. ఆడవాళ్ళు కూర్చుని పని చేసుకునేదీ, మాట్లాడుకునేదీ అక్కడే కాబట్టి ఆ పేరు. ఎదుటివాళ్ళ ప్రెస్‌లో చోటు దొరకడం ఒకటి, మన ప్రెస్ మనకుండటం ఇంకోటి.

తర్వాత సంగతి గబగబా చెప్పేస్తాను, టీ వచ్చేసినట్టుంది. కాంబహీ 1980 తర్వాత చెదిరిపోయింది, మనుషులు ఊళ్ళు మారారు. 1979లోనే ఆ ఊళ్ళో ఆసియా గే, లెస్బియన్ల గుంపు ఒకటి మొదలైంది, ఇప్పటికీ వేరే పేరుతో ఉంది. మన దక్షిణాసియావాళ్ళకి మసాలా అని ఒకటి వచ్చింది, పేరు చూసి నవ్వకండి, దానివల్లే నాకు మళ్ళీ ఊరగాయ తినే స్నేహితులు దొరికారు. 2006లో నైజీరియా నుంచి వచ్చిన ఒక అమ్మాయి క్యూవాక్ ప్లస్ బోస్టన్ పెట్టింది, రంగుజాతుల క్వీర్ స్త్రీలూ వాళ్ళ స్నేహితులూ అని. ఆ 'స్నేహితులూ' అన్నచోట తెల్లవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు, అతిథుల్లాగా. ఎవరింట్లో ఎవరు అతిథి అన్నది తిరగబడింది. పెద్ద ప్రైడ్ పరేడ్ నడిపే సంస్థ సంగతంటారా, జాతి విషయంలో ఏళ్ళ తరబడి గొడవ నడిచింది, 2015లో నల్లజాతి ఉద్యమకారులు పరేడ్ మధ్యలో రోడ్డు మీద నిలబడి ఆపేశారు, 2020లో వాలంటీర్లు చాలామంది బయటికొచ్చేశారు, 2021లో సంస్థ మొత్తానికి మూసేసుకుంది. కొత్తవాళ్ళు 2023లో మళ్ళీ పరేడ్ చేశారు. నలభై ఏళ్ళ కిందటి ప్రశ్నలే మళ్ళీ అడిగారు, అచ్చం అవే.

(ప్రశ్నలు)

ప్రశ్న: మేడమ్, అప్పుడు మన ఇండియన్ లెస్బియన్లు అమెరికాలో ఎక్కడున్నారు?

ఉన్నారమ్మా, ఒకరికొకరు తెలీకుండా ఉన్నారు. 1985లో బ్రూక్లిన్ నుంచి అనామిక అని ఒక చిన్న పత్రిక వచ్చింది, పేరులోనే ఉంది కదా. 86లో కాలిఫోర్నియాలో త్రికోణ్ అనే సంస్థ. అంతకు ముందువాళ్ళు ఎవరి గదుల్లో వాళ్ళు. ఇంకో మాట చెప్పాలి, మనవాళ్ళలో చాలామందిమి తెల్లవాళ్ళ గ్రూపుల్లోకే ముందు వెళ్ళాం, నేనూ అంతే. నల్లవాళ్ళ గ్రూపు మెట్రోలో ఆరు స్టేషన్ల అవతల ఉన్నా వెళ్ళలేదు. రంగు గొడవ వాళ్ళిద్దరిదీ, మనది కాదు అనుకున్నాం. చూరులో గ్లాసు ఉన్న ఇంట్లోంచి వచ్చినవాళ్ళం కదా.

ప్రశ్న: ఇక్కడ మన మీటింగులకి ఓల్డ్ సిటీ నుంచి, బోరబండ నుంచి ఎవరూ రావట్లేదు. ఏం చెయ్యాలి?

మీ మీటింగులు ఎక్కడ పెడతారు? గచ్చిబౌలి. సరే. ఎన్నింటికి? ఏడింటికి, శుక్రవారం. ఇంగ్లీషులోనా తెలుగులోనా? (నవ్వులు) కాఫీ ఎంత ఆ కేఫ్‌లో? మూడు వందలా! నాకైతే బోస్టన్‌లోనే అంత కాలేదు. చూడండి, వాళ్ళెందుకు రావట్లేదు అని అడగొద్దు, మీరెందుకు వెళ్ళట్లేదు అని చూసుకోండి ముందు. వచ్చే నెల అటు వైపు ఎవరింట్లోనైనా పెట్టుకోండి, వాళ్ళు పిలిస్తేనే. పిలిస్తే పదిమంది వెళ్ళి కుర్చీలెయ్యండి. మాట్లాడేది వాళ్ళు. ఎవరైనా ఉన్నారా ఇక్కడ, ఇల్లు ఇవ్వగలిగినవాళ్ళు? ఆ, వెనక... గట్టిగా చెప్పమ్మా, మైకు ఇవ్వండి తనకి.

(వెనక వరస నుంచి ఒకమ్మాయి): మాది ఉప్పుగూడ. రెండో ఫ్లోరు, ఒక్కటే గది, పదిహేను మంది పడతారు. మా అమ్మ ఉంటుంది, తనకి ఫ్రెండ్స్ అని చెప్తాను. ఏడింటికి కాదు, మధ్యాహ్నం పెట్టుకోండి. నీళ్ళు మాత్రం రోజు విడిచి రోజు వస్తాయి, ఆదివారం రావు, మీ నీళ్ళు మీరే తెచ్చుకోవాలి.

రాసుకోండి ఎవరైనా. ఆదివారం మధ్యాహ్నం, ఉప్పుగూడ, నీళ్ళు మనవే.